ఎనిమిదో ద్రవ్యం

జూన్ 14

శాస్త్రిగారి దగ్గర తర్కసంగ్రహం మొదలైంది. సాయంత్రం పూట, వీధరుగు మీద చాప వేసి. కాలేజీలో పదార్థాలు ఏడు, ద్రవ్యాలు తొమ్మిది అని బోర్డు మీద రాసి ముందుకు పోతాం. ఇక్కడ ఒక్కో మాటకీ ఒక్కో సాయంత్రం పట్టేలా ఉంది.

దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడు. 17వ శతాబ్దం. కాశీలో స్థిరపడ్డాడు. కాశీకి పోయినంత మాత్రాన అందరూ అన్నంభట్లు అయిపోరని పండితుల్లో సామెత. పిల్లలకు సులువుగా తెలియాలని రాసిన పుస్తకం ఇది.

తొమ్మిది ద్రవ్యాలు. భూమి, నీరు, తేజస్సు, వాయువు, ఆకాశం, కాలం, దిక్కు, ఆత్మ, మనసు. మరి దేవుడు? ఎనిమిదో దానిలో. ఆత్మ రెండు రకాలు: జీవాత్మ, పరమాత్మ. జీవాత్మలు అనేకం. పరమాత్మ ఒక్కడే, సర్వజ్ఞుడు. అంతటితో ఆ మాట అయిపోయింది. తర్వాత మనసు.

జూన్ 15

నిద్ర పట్టలేదు. అదే తిరుగుతోంది. మొదటి శ్లోకంలో విశ్వేశ్వరుణ్ణి గుండెలో నిలుపుకుని కలం పట్టిన మనిషి, నాలుగు పుటలు తిరిగేసరికి ఆయన్ని వరుసలో ఎనిమిదో చోట కూర్చోబెట్టాడు. పట్టికకు పైన కాదు. బయటా కాదు. భూమికి లక్షణం చెప్పినట్టే ఆత్మకీ చెప్పాడు. లక్షణం కుదరకపోతే కొట్టేయవచ్చు. ఆ హక్కు ఎదుటివాడికి ఇచ్చే ఈ పుస్తకం మొదలవుతుంది.

ఇంత ధైర్యం నాకు భక్తుల్లోనూ కనిపించదు, నాస్తికుల్లోనూ అరుదు.

జూన్ 19

అన్నంభట్టు తన పుస్తకానికి తానే వ్యాఖ్య రాసుకున్నాడు, దీపిక. నిరూపణ అందులో ఉంది. భూమి, మొలక వంటివి కార్యాలు. కార్యమన్నదానికి కర్త ఉండాలి. కుండకు లాగా.

శాస్త్రిగారు పక్కనున్న మంచినీళ్ళ కుండను వేలితో తట్టారు. "వెయ్యేళ్ళ వాదం అంతా దీని మీదే నిలబడిందమ్మా."

జూన్ 22

కుమ్మరి వీధికి వెళ్ళాను. చూడకుండా ఎన్నాళ్ళు చెప్పడం.

అరవై దాటిన మనిషి. సారెకు మోటారు బిగించుకున్నాడు. ముద్దను నడిమధ్య పడేసి, చేతులు తడుపుకుని, రెండు బొటనవేళ్ళూ లోపలికి దించాడు. గోడ లేచింది. అంత మట్టి అలా లేస్తుంటే ఊపిరి బిగబట్టి చూశాను. మూతి మలిచి, అడుగున దారంతో కోసి, పక్కన పెట్టాడు. అది ఇంకా కుండ కాదట. అడుగు మందం, పొట్ట లేదు. కొంచెం ఆరాక లోపల గుండ్రాయి ఆనించి బయటినుంచి చెక్కతో కొడితే పొట్ట తిరుగుతుంది. ఆ పని ఆయన భార్యది. ఆమె చెయ్యి ఎక్కడా ఆగదు, కుండ తిరుగుతూ ఉంటుంది, దెబ్బ మాత్రం పడ్డచోట మళ్ళీ పడదు. మట్టి తొక్కింది కొడుకు. చెరువు నుంచి తెచ్చింది ట్రాక్టరువాడు. ఆవం పేర్చేది తమ్ముడు.

"ఈ కుండ ఎవరు చేసినట్టండీ?"

"మేమేనండి."

ఎన్ని నిలుస్తాయని అడిగాను. ఆవం తెరిచేదాకా చెప్పలేమన్నాడు. నెర్రె ఇచ్చేవి ఇస్తాయి, లోపల ఏది ఏమవుతుందో మాకేం తెలుస్తుందండీ అన్నాడు.

నైయాయికులు, అంటే న్యాయదర్శనంవాళ్ళు, కుండ రెండు కపాలాలు కలిస్తే పుట్టిందంటారు. రెండు చిప్పలు అక్కడ ఎక్కడా కనబడలేదు.

జూన్ 23

బ్రహ్మసూత్రాల మీది శ్రీభాష్యం తీశాను. మూడో సూత్రం.

రామానుజులు నారాయణుడి కోసమే బతికిన మనిషి. ఆయనే అంటాడు, అనుమానంతో, అంటే తర్కపు ఊహతో, ఈశ్వరుణ్ణి సాధించలేం అని. కొండలూ సముద్రాలూ పుట్టినవే అనుకుందాం. అన్నీ ఒకేసారి పుట్టాయని ఎవరు చెప్పారు? ఒక్కడే చేశాడని ఎలా తేలింది? పెద్ద మేడను చాలామంది కలిసి కడతారు. పోనీ, కుండను చూసే కర్తను ఊహిస్తే, కుమ్మరిలాంటి కర్తే వస్తాడు. శరీరం ఉంటుంది. కొంత తెలుసు, కొంత తెలియదు. సర్వజ్ఞుడు ఆ దారిలో రాడు. శాస్త్రం, అంటే వేదం, ఒక్కటే దిక్కు.

నిన్నటి "మేమేనండి" చెవిలోనే ఉంది.

జూన్ 30

వెనక వీధిలో చావు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. రాత్రి బండి మీద వస్తూ పడిపోయాడు.

వచ్చిన ప్రతివాళ్ళూ ఒకే మాట. దేవుడికి ఇష్టమైనవాళ్ళని తొందరగా తీసుకుపోతాడు. తల్లి చేతులు పట్టుకుని చెప్తున్నారు. ఆమెకు ఆ మాట అవసరమే. దాన్ని ఆ గదిలో తప్పు పట్టే మనిషిని నేను కాను.

బయట మగవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళూ అదే అన్నారు. రాత, దైవనిర్ణయం. ఆ రోడ్డు మలుపులో వానలు మొదలైనప్పటి నుంచీ పెద్ద గొయ్యి ఉంది. అందరూ దాన్ని తప్పించుకునే అక్కడికి వచ్చారు. దాని సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

ఎత్తాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

జూలై 3

మీమాంసకుడు కుమారిలభట్టు. శ్లోకవార్తికం. వేదాన్ని కాపాడ్డానికే పుట్టాడనిపించే మనిషి. సృష్టికర్త అక్కర్లేదు అంటాడు.

సృష్టికి ముందు ఆయన్ని చూసిందెవరు? శరీరం లేనివాడికి సృష్టించాలన్న కోరిక ఎలా పుట్టింది? దయతో చేశాడా? దయ చూపించడానికి అప్పటికి ఎవరున్నారు? దయే అయితే సుఖం మాత్రమే ఉండాలి. ఏ ప్రయోజనమూ లేకుండా మందమతి కూడా పనికి పూనుకోడు కదా.

ఒకదాని వెనక ఒకటి. ఊపిరి తీసుకోనివ్వడు. దయ గురించిన ప్రశ్న దగ్గర నేను వెనక వీధికి వెళ్ళిపోయాను. శాస్త్రిగారు గమనించి ఆగారు.

జూలై 5

మీమాంసలో దేవతలకు శరీరాలు కూడా లేవు. భాష్యకారుడు శబరుడు తేల్చేశాడు. హవిస్సు వాళ్ళు తినరు. ప్రసన్నులై ఫలమివ్వరు. ఫలం కర్మ నుంచి వస్తుంది.

ఇది చెప్పి శాస్త్రిగారు సంధ్యకు లేచారు. రాగిచెంబు కడుక్కుంటున్నారు.

"గురువుగారూ, ఇప్పుడే సృష్టికర్త లేడని సాధించారు. వెంటనే అర్ఘ్యం. ఇబ్బందిగా ఉండదా?"

"వాదంలో నెగ్గినవాడికి ఇవ్వడం లేదు కదమ్మా అర్ఘ్యం."

జూలై 11

సిద్ధాంతముక్తావళి. కారణం అంటే ఏమిటి అన్న పాఠం.

కుండకు ముందున్నవన్నీ కుండకు కారణాలు కావు. కారణం కానివి ఐదు రకాలు. సారెను తిప్పే కర్రలోని కర్రతనం. ఆ కర్ర రంగు. ఆకాశం. కుమ్మరి తండ్రి. మట్టి మోసుకొచ్చిన గాడిద. ఇవి ముందుగా ఉన్న మాట నిజం. కానీ కుండ ఎలా వచ్చిందో చెప్పడానికి వీటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. అన్యథాసిద్ధాలు అన్నారు వీటిని. మట్టి గాడిద మీద వచ్చినా ట్రాక్టరు మీద వచ్చినా కుండ కుండే.

అయితే అసలు ప్రశ్న ఇదే. ప్రపంచం ఎలా ఉందో చెప్పేటప్పుడు దేవుడు కుమ్మరి చోట ఉన్నాడా, గాడిద చోట ఉన్నాడా?

రాసి, కొట్టేద్దామా అనుకున్నాను. ఉంచాను. తర్కంలో గాడిద తిట్టు కాదు. అదొక చోటు. ఏదైనా అక్కడ పడవచ్చు. పడిందా లేదా అన్నది పరీక్షించి చెప్పాలి. మాటను శాస్త్రంలోకి రానివ్వడం అంటే ఆ పరీక్షకు ఒప్పుకోవడమే అని నా నమ్మకం.

జూలై 12

సాధారణ కారణాలు ఎనిమిది. ఏ కార్యానికైనా ఇవి తప్పవు. ఈశ్వరుడు, ఆయన జ్ఞానం, ఆయన ఇచ్ఛ, ఆయన ప్రయత్నం, కాలం, దిక్కు, అదృష్టం (కంటికి కనపడని పుణ్యపాపాలు), పుట్టబోయే వస్తువు అంతకుముందు లేకపోవడం. కుండకు ఇవే. మొలకకూ ఇవే. పంటినొప్పికీ ఇవే.

అన్నిటికీ కారణమైనది ఏ ఒక్కదాని గురించి ఏం చెబుతుంది? ఈ కుండ నెర్రె ఇచ్చి పక్కది ఎందుకు ఇవ్వలేదో చెప్పదు.

అలా అని ఈశ్వరుణ్ణి తీసేద్దామంటే, ఆ వరుసలోనే కాలం ఉంది. కాలం కూడా ఈ కుండ గురించి ప్రత్యేకం ఏమీ చెప్పదు. కాలాన్ని తీసేయగలనా? ఏమీ చెప్పకుండానే అన్నిటికీ కావలసినవి కొన్ని ఉంటాయన్నమాట. ఆయన అలాంటివాడా?

ఇక్కడ నాకు దారి లేదు. శాస్త్రిగారిని అడిగితే "అలా ఉండనీయమ్మా" అన్నారు.

జూలై 20

స్టాఫ్ రూము. ఫిజిక్సు ఆయన: "మా లెక్కల్లోకి దేవుడన్న మాట రాదు మేడం. మీకెందుకు వస్తుంది?"

ఒకప్పుడు వాళ్ళ లెక్కల్లోకీ వచ్చింది. గ్రహాల కదలికలు చెడిపోతే దేవుడు సరిచేస్తాడని న్యూటన్. గడియారానికి మధ్యమధ్య కీ ఇచ్చుకోవలసిన పనివాడా మీ దేవుడు అని లైబ్నిట్జ్. న్యూటన్ తరఫున క్లార్క్ జవాబులు. 1715, 1716 సంవత్సరాల ఉత్తరాలు. గట్టి భక్తులు ఇద్దరూ. దేవుడి గౌరవం కాపాడుతున్నాననే ఇద్దరి వాదనా. ఆ తగవులోనే స్థలం, కాలం వస్తువులకు బయట ఉన్నాయా, వాటి మధ్య సంబంధాలేనా అన్న ప్రశ్న పదునెక్కింది. ఆ ప్రశ్న ఇప్పటికీ ఆయన డిపార్టుమెంటులో బతికే ఉంది.

ఆయన ఒప్పుకోలేదు. టీ మాత్రం చల్లారింది.

జూలై 21

ఆయనకు నచ్చుతుందని గేడెల్ సంగతి చెప్పాను. గణితశాస్త్రంలో అసంపూర్ణతా సిద్ధాంతాల మనిషి. దేవుడి ఉనికికి తర్కసంకేతాల్లో ఒక నిరూపణ రాసి పెట్టుకున్నాడు. 1970లో డానా స్కాట్‌కు చూపించాడు, అచ్చు వేయలేదు. 1978లో పోయాడు. 1987లో బయటికొచ్చింది. 2013లో ఇద్దరు పరిశోధకులు స్కాట్ సవరించిన రూపాన్ని కంప్యూటరుతో సరిచూశారు. స్వయంసిద్ధాలు ఒప్పుకుంటే ముగింపు వస్తుందని తేలింది. గేడెల్ సొంత రాతలో మాత్రం పరస్పర విరోధం ఉందని మళ్ళీ యంత్రమే పట్టుకుంది.

ఇంకో చిక్కు అంతకుముందే బయటపడింది. ఆ స్వయంసిద్ధాలు ఒప్పుకుంటే, జరిగిన ప్రతిదీ జరిగి తీరవలసిందే అవుతుంది. వేరుగా ఏదీ ఉండటానికి వీల్లేదు.

ఫిజిక్సు ఆయన కాగితం అడిగి తీసుకున్నాడు.

జూలై 27

1656లో ఇదే తేదీ. ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదు సమాజం స్పినోజాను వెలివేసింది. ఇరవై మూడేళ్ళు. అతనితో ఎవరూ మాట్లాడకూడదు, అతను రాసింది చదవకూడదు. ఏం అన్నాడన్నది మాత్రం ఆ తీర్మానంలో రాయలేదు.

తర్వాత అద్దాలు సానపట్టుకుంటూ బతికాడు. 1677లో పోయాక నీతిశాస్త్రం అచ్చయింది. మొదటి భాగమే దేవుడి మీద. నిర్వచనాలు, స్వయంసిద్ధాలు, 36 ప్రతిపాదనలు. దేవుడూ ప్రకృతీ ఒకటే. బయటినుంచి చేసినవాడు లేడు. జరిగేదంతా జరగవలసిందే. నాస్తికుడని తిట్టినవాళ్ళున్నారు, దేవుడి మత్తులో ఉన్నవాడని మెచ్చినవాళ్ళూ ఉన్నారు.

ఆ భాగం చివరి అనుబంధం మళ్ళీ చదివాను. ఇంటికప్పు మీది రాయి ఒకడి తల మీద పడి చచ్చిపోయాడు. ఎందుకు? గాలి వీచింది. గాలి అప్పుడే ఎందుకు వీచింది? ఆ మనిషి అప్పుడే అటు ఎందుకు వెళ్ళాడు? అలా అడుగుతూ పోయి చివరికి దేవుడి సంకల్పంలో తలదాచుకుంటారు. అజ్ఞానానికి అది ఆశ్రయం అన్నాడు. దేవుడితో పుస్తకం మొదలుపెట్టినవాడు అన్న మాట ఇది.

గొయ్యి ఇంకా పూడ్చలేదు. మునిసిపాలిటీకి కాగితం రాసి నలుగురి సంతకాలు పెట్టించాను.

ఆగస్టు 2

విజయవాడ. పని చూసుకుని నాస్తిక కేంద్రం వైపు వెళ్ళాను. 1940లో ముదునూరులో మొదలైంది. 1947లో ఇక్కడికి మారింది.

దాన్ని పెట్టిన గోరా వృక్షశాస్త్రం చెప్పిన లెక్చరరు. దేవుడు లేడన్నందుకు ఉద్యోగాలు పోయాయి. గాంధీ దగ్గరికి వెళ్ళి వాదించాడు. నా ఆస్తికత్వం సరైనదనీ చెప్పలేను, నీ నాస్తికత్వం తప్పనీ చెప్పలేను అన్నాడు గాంధీ. అప్పటికే దేవుడే సత్యం అన్న తన మాటను సత్యమే దేవుడు అని తిప్పుకున్న మనిషి.

గోరా కూతురి పెళ్ళి కులం దాటిన పెళ్ళి. గాంధీ తానే జరిపిస్తానన్నాడు. పెళ్ళితంతులో దేవుడు అన్నచోట సత్యం అని చదువుదామన్నాడు. అంతలో ఆయన్ని చంపేశారు. పెళ్ళి 1948లో సేవాగ్రామ్‌లోనే జరిగింది.

గోరాకు ఇది తీరిక వేళ తర్కం కాదు. తన రాతకు దేవుణ్ణి కర్తను చేసుకున్నవాడు లేచి నిలబడడని ఆయన పట్టు. ఊరి చివర, అంటరానివాళ్ళన్నవాళ్ళతో పళ్ళెం ముందు కూర్చుని పరీక్షించిన మాట. దాన్ని దర్శనాల పక్కన పెట్టి ఎందుకు చదవం?

ఆగస్టు 9

నాగార్జునకొండ. లాంచీ మీద పిల్లలతో. 1954 నుంచి 1960 దాకా తవ్వి, నీళ్ళు రాకముందే పైకి చేర్చినవి మ్యూజియంలో ఉన్నాయి. లోయ నీళ్ళ అడుగున ఉంది.

ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేశాడు. అతని చెల్లెలు చాంతిసిరి మహాచైత్యానికి దానం చేసింది. ఒకే ఇల్లు. సృష్టికర్త అక్కర్లేని యజ్ఞం అన్నకు, సృష్టికర్త లేని ధర్మం చెల్లెలికి. అదే లోయలో అష్టభుజస్వామికి గుడి.

ఒక అమ్మాయి అడిగింది: "వీళ్ళు ఇంట్లో గొడవపడేవాళ్ళు కాదా మేడం?"

ఆగస్టు 17

సాంఖ్యం. తెలివిలేని పాలు దూడ కోసం చేపినట్టే ప్రకృతి పురుషుడి కోసం నడుస్తుంది. నడిపేవాడు అక్కర్లేదు. ఈశ్వరకృష్ణుడి ఉపమానం. పేరులో ఈశ్వరుడున్నాడు, పుస్తకంలో లేడు.

పతంజలి అవే తత్త్వాలు తీసుకుని ఈశ్వరుణ్ణి చేర్చాడు. సృష్టించడానికి కాదు. క్లేశం, కర్మ అంటని ఒక పురుషుడు. పూర్వులకూ గురువు. మనసు నిలవడానికి ఆయన్ని పట్టుకోవడం ఒక దారి.

అంటే ఏదో ఒకటి వివరించడానికే దేవుడు రావాలన్న నియమం లేదు. చూపు నిలవడానికి కూడా రావచ్చు.

ఆగస్టు 20

కాంట్ గుర్తొచ్చాడు. 1781. దేవుడు తెలుసుకోదగిన వస్తువు కాదు, నిరూపణలన్నీ కూలతాయి అని కూల్చాడు. కానీ భావాన్ని పారేయలేదు. లోకమంతా ఒకే బుద్ధి నుంచి వచ్చినట్టుగా భావిస్తూ వెతుకు, అప్పుడే విడివిడి సంగతుల్లో పొందిక కోసం చూస్తావు అన్నాడు. దొరికాడని మాత్రం చెప్పకు.

పతంజలి పక్కన ఈ మనిషిని కూర్చోబెట్టి వినాలనిపించింది.

ఆగస్టు 24

ఉదయనుడు. న్యాయకుసుమాంజలి. మిథిల మనిషి. పదో శతాబ్దం చివరివాడు. ఈశ్వరుణ్ణి సాధించడానికి ఐదు గుచ్ఛాల పుస్తకం.

పూరీ కథ శాస్త్రిగారు చెప్పారు. జగన్నాథుడి దర్శనానికి పోతే తలుపులు మూసి ఉన్నాయట. ఉదయనుడికి కోపం వచ్చింది. ఐశ్వర్యమదంతో నన్ను చిన్నచూపు చూస్తున్నావు, బౌద్ధులు ఎదురుపడినప్పుడు నీ ఉనికి నా చేతిలో ఉంటుంది అన్నాడట. చెప్తూ శాస్త్రిగారికి కళ్ళు చెమర్చాయి. అంత దగ్గరితనం.

పుస్తకం మొదట్లోనే అందరినీ లెక్కపెడతాడు. సాంఖ్యులు, బౌద్ధులు, చార్వాకులు, చివరికి చేతిపనివాళ్ళు కూడా ఏదో రూపాన ఆయన్నే కొలుస్తున్నారు, ఇక సందేహానికి చోటెక్కడ అంటాడు. మరి పుస్తకమెందుకు? ఈ విచారణే ఉపాసన కనుక. విన్న తర్వాత చేసే మననం కనుక.

ఆగస్టు 25

కుసుమాంజలి చివర ఒక ప్రార్థన ఉంది. నిన్ను కాదని వాదించినవాళ్ళు కూడా నీ గురించే అంత తీవ్రంగా ఆలోచించారు కదా, దయామయా, కాలం వచ్చినప్పుడు వాళ్ళనూ నువ్వే గట్టెక్కించు అని.

పుస్తకమంతా ఎవరితో కలబడ్డాడో వాళ్ళ కోసం. కుమారిలుడి దారివాళ్ళ కోసం, బౌద్ధుడు ధర్మకీర్తి దారివాళ్ళ కోసం. మూడుసార్లు చదివించుకున్నాను.

ఇలాంటి చోట దేవుడు ఉండాలా వద్దా అని నన్నెవరైనా అడిగితే, ఉండాలి అంటాను. నమ్మినదానిగా చెప్పడం లేదు, నమ్మకం నాలో పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఆ మాట లేకపోతే ఈ ప్రశ్నలు ఇంత లోతుకు తవ్వేవాళ్ళు కారు. తవ్వకం ఆపడానికి తెచ్చినప్పుడే దాన్ని బయట పెట్టాలి.

ఆగస్టు 29

మునిసిపాలిటీవాళ్ళు కంకర పోసి వెళ్ళారు. తారు తర్వాత వేస్తారట.

సెప్టెంబరు 3

ఇంటర్నల్ పరీక్షకు ప్రశ్నపత్రం. ఏటా ఒకే ప్రశ్న: ఈశ్వరుని ఉనికికి న్యాయదర్శనం చూపే నిరూపణలను వివరించండి. పది మార్కులు. పిల్లలు గైడు నుంచి దించుతారు.

ఈసారి ఇలా రాశాను. మొలకకు కర్త ఉన్నాడని కుండను చూపి వాదించారు. రామానుజులు చెప్పిన అభ్యంతరం, కుమారిలుడు చెప్పిన అభ్యంతరం రాయండి. రెండింటిలో ఏది బలమైనది? నైయాయికుడు దానికి ఏం జవాబు చెప్పగలడు? మీ జవాబు మీరు చెప్పండి.

హెచ్.ఓ.డి. చూసి, మీ జవాబు అంటే ఒక్కొక్కరూ ఒక్కోటి రాస్తారు, ఎలా దిద్దుతారు అన్నారు.

నేనే దిద్దుతానన్నాను. ఎనభై పేపర్లు.